సాంఘిక శాస్త్రం చివరి పరీక్షేనా?

లెక్కలకు ట్యూషన్ ఉంది. సైన్సుకు ఉంది. ఇంగ్లీషుకూ ఉంది. సాంఘిక శాస్త్రానికి మాత్రం 'దానిదేముంది, నాలుగు రోజులు బట్టీ పడితే చాలు' అన్న మాట ఒక్కటే ఉంది. విశాఖపట్నంలో పాత పట్టణం నుంచి గాజువాక వరకు మన కుటుంబాలలో ఏ తల్లిని అడిగినా దాదాపు ఇదే జవాబు వస్తుంది. మా ఇల్లు ఇందుకు మినహాయింపు కాదు. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అబ్బాయి పరీక్షల పట్టికలో సోషల్ చివరి రోజున ఉండడం చూసి, 'హమ్మయ్య' అనుకున్నవాళ్లమే మేము.

ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసిన అవసరం మాకు ఒక సాయంత్రం కలిగింది.

పాఠశాల వారు పిల్లలను రామకృష్ణా బీచ్‌కు విహారయాత్రకు తీసుకువెళ్లారు. అక్కడ ఒడ్డున నిలిపిన కుర్సురా జలాంతర్గామిని మనలో చూడనివారు అరుదు. 2001లో నౌకాదళ సేవ నుంచి విరమించిన ఆ జలాంతర్గామి, మరుసటి ఏడు నుంచి ప్రదర్శనశాలగా ఉంది. దానికి సమీపంలోనే 1971 యుద్ధానికి గుర్తుగా 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉంది. విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, ఆ ఏడాది డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటే వేళ మన తీరానికి కొద్ది దూరంలో మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ మిగలలేదు. పిల్లలకు చెప్పిన విషయం ఇంతే. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

అబ్బాయి ఇంటికి వచ్చి, అన్నం తినకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి నోరు విప్పాడు. "అబ్బాజాన్, ఘాజీ మనవాళ్లదా?"

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వెనుక సీటు కుర్రవాడు "మీవాళ్ల సబ్‌మెరైన్ మునిగిపోయిందిగా" అన్నాడట. మిగిలినవాళ్లు నవ్వారట. అన్న పిల్లవాడు దుర్మార్గుడు కాడు. మా ఇంటికి వచ్చి సేమియా తిని వెళ్లినవాడే. ఎవరో పెద్దల నోట విన్న మాటను తిరిగి అన్నాడు. ఉపాధ్యాయులు ముందు సీట్లలో ఉన్నారు, వారికి వినబడలేదు.

మాకు మొదట వచ్చినది కోపం. పాఠశాలకు వెళ్లి అడగాలనుకున్నాం. రాత్రి కొంత గడిచాక మమ్మల్ని మేమే ఒక ప్రశ్న వేసుకున్నాం: మన బిడ్డకు ఆ ప్రశ్న ఎందుకు వచ్చింది? 'కాదు, మనది విక్రాంత్' అని తడుముకోకుండా చెప్పగలిగినంత చరిత్రను వాడికి మేము ఇచ్చామా?

పదకొండు నుంచి పద్నాలుగు సంవత్సరాల మధ్య వయసు విచిత్రమైనది. అంతవరకు అమ్మీ చెప్పినదే న్యాయం, అబ్బా చెప్పినదే సత్యం. ఆ తరువాత పిల్లలు స్వయంగా తూకం వేయడం మొదలుపెడతారు. తమ కర్మలకు తామే జవాబుదారులయ్యే వయసు దగ్గర పడుతున్నదని మనమూ వారికి గుర్తు చేస్తూనే ఉంటాం. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే పాఠశాల వారి చేతికి రాజ్యాంగాన్ని, దేశపటాన్ని, గతించిన రాజ్యాల చరిత్రను అందిస్తుంది. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మాటలను పిల్లవాడు మొదటిసారి చదివేది లెక్కల పుస్తకంలో కాదు. నేను ఎవరిని, నావారు ఎవరు, బలహీనుడికి ఇవ్వవలసినది ఏమిటి అన్న ప్రశ్నలకు జవాబులు ఆ పీరియడులోనే రూపు దిద్దుకుంటాయి. సరైన జవాబులు పాఠం ఇవ్వకపోతే బస్సులోని వెనుక సీటు ఇస్తుంది. ఈనాడైతే చేతిలోని సెల్‌ఫోను కూడా ఇస్తుంది.

మర్నాడు మేము వాడితో 1971 గురించి కూర్చుని మాట్లాడాం. అది రెండు మతాల యుద్ధం కాదు. 1970 ఎన్నికలలో తూర్పు పాకిస్తాన్ ప్రజలు తమ తీర్పు చెప్పారు. దానిని మన్నించకుండా 1971 మార్చిలో సైన్యం వారిపై విరుచుకుపడింది. న్యాయం కోరినవారిలో అత్యధికులు ముస్లింలు, వారిని అణచినవారూ ముస్లింలే. దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ఈ విషయాలు తెలిసిన పిల్లవాడు 'మీవాళ్లు' అన్న మాట విన్నప్పుడు తలదించుకోడు, కొట్లాటకూ దిగడు. మునిగిపోయిన నావికులకూ ఇంటి దగ్గర పిల్లలు ఉండి ఉంటారన్న ఆలోచన కూడా అతనికి తట్టవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇటువంటి సందర్భాలలో మన పెద్దలు వెంటనే హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు ఎత్తుతారు. 1965 యుద్ధంలో శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణాలు అర్పించి, మరణానంతరం పరమవీర చక్ర పొందిన ఆ వీరుని పేరు ప్రతి భారతీయ బాలుడికీ తెలియవలసినదే. అయితే, పదమూడేళ్ల పిల్లవాడు తన దేశభక్తికి రుజువుగా ఆ పేరును రసీదులా చూపించవలసిన పరిస్థితి రాకూడదు. రసీదు అడగని తరగతిని తయారు చేయడమే సాంఘిక శాస్త్ర బోధన చేయవలసిన పని.

పాఠ్యపుస్తకాలను తిరగేసినప్పుడు మాకొకటి అనిపించింది. అందులో ముస్లిం ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తాడు. ఒకటి, సింహాసనం మీద: సుల్తానుగానో, పాదుషాగానో. రెండవది, గణాంకాల పట్టికలో: ఎనిమిదవ తరగతికి చాలాకాలం చదివించిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలో 'అట్టడుగున ఉన్న వర్గాల' పాఠంలో జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ ప్రస్తావన ఉంది. 2005లో ఏర్పడి 2006లో నివేదిక సమర్పించిన ఆ కమిటీ, విద్య, ఉద్యోగం, ఆదాయాలలో ముస్లింలు ఎంత వెనుకబడి ఉన్నారో దేశానికి చూపింది. ఆ పాఠం ఉండవలసినదే. అయితే సింహాసనానికి, పట్టికకు మధ్య ఉన్న మనిషి ఎక్కడ? హార్బరులో సరుకు ఎత్తి దింపేవాడు, గాజువాకలో వెల్డింగు షాపు నడిపేవాడు, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతూనే మిషను కుట్టి ఇల్లు నడిపే తల్లి, వీరిని తోటి విద్యార్థులు పుస్తకంలో చూడరు. అందుచేత పక్క బెంచీలోని పిల్లవాడు వారికి రాజవంశీకుడిగానో, దయ చూపవలసినవాడిగానో కనబడతాడు. మామూలు పొరుగువాడిగా కనబడడం కష్టమవుతుంది.

పుటల తొలగింపు గురించి పెద్ద చర్చ జరుగుతున్నది. పన్నెండవ తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. చరిత్ర పుస్తకంలో మొఘల్ దర్బారుల అధ్యాయాన్ని తీసివేయడం 2023లో వివాదమైంది. చరిత్రలోంచి శతాబ్దాలను కత్తిరిస్తే మిగిలిన చరిత్ర అర్థం కాదు. దానిని అడగవలసినవారు అడుగుతూనే ఉన్నారు. అయినా ఆ అధ్యాయాలన్నీ ఉన్న రోజులలో కూడా వెనుక సీటులో ఇవే మాటలు వినిపించేవని మా చిన్ననాటి అనుభవం చెబుతున్నది. పుట ఉండడం ఎంత ముఖ్యమో, దానిని తరగతిలో ఎవరు ఎలా చదివిస్తున్నారన్నదీ అంతే ముఖ్యం.

మన ఇళ్లలో జరిగే పొరపాటునూ ఒప్పుకుందాం. బయట మన రాజులను నిందిస్తే, ఇంట్లో మనం ఆ రాజులను ఆకాశానికి ఎత్తుతాం. పాదుషాలు చేసినదంతా ఇస్లాం అయినట్టు, వారి తప్పు చెబితే ధర్మానికే మచ్చ వచ్చినట్టు పిల్లలకు నేర్పుతాం. న్యాయానికి సాక్షులుగా నిలబడమనీ, ఆ సాక్ష్యం మీకూ, మీ తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగా ఉన్నా వెనుకాడవద్దనీ దివ్య ఖుర్ఆన్ 'అన్‌నిసా' సూరాలో ఆదేశిస్తున్నది. చరిత్ర పాఠానికి ఇంతకన్నా పెద్ద నియమం ఏముంటుంది?

ఆ నియమాన్ని పాటించిన పండితుడు మన చరిత్రలోనే ఉన్నాడు. అబూ రైహాన్ అల్ బీరూనీ గజనీ మహమూద్ కాలంలో, అతని ఏలుబడిలోనే జీవించాడు. ఈ దేశాన్ని అర్థం చేసుకోవడానికి సంస్కృతం నేర్చుకున్నాడు, పండితుల దగ్గర కూర్చుని వారి గ్రంథాలు చదివాడు. 1030 ప్రాంతంలో పూర్తి చేసిన 'కితాబుల్ హింద్'లో ఇక్కడి వారి విశ్వాసాలను వారి మాటలలోనే వివరించడానికి ప్రయత్నించాడు. తనకు నచ్చనిదాన్ని నచ్చలేదన్నాడు. మహమూద్ దండయాత్రలు ఈ దేశపు సంపదను నాశనం చేశాయని కూడా రాశాడు. సుల్తాను నీడలో ఉంటూ ఆ మాట రాయడం తేలిక కాదు. మన పిల్లలకు సుల్తాను పేరు తెలుసు. అల్ బీరూనీ ఒక మార్కు ప్రశ్నగా మాత్రమే తెలుసు.

ఇతరుల పాఠం సంగతి ఇది. మన ఊరి పాఠం మరొకటి ఉంది.

మా ఇంటి మేడ మీద నుంచి చూస్తే ఉక్కు కర్మాగారం పొగ గొట్టాలు కనిపిస్తాయి. మన పిల్లల పుస్తకంలో 'భారీ పరిశ్రమలు' అన్న శీర్షిక కింద అది పటంలో గుర్తించవలసిన ఒక చుక్క. ఆ చుక్క వెనుక ఎంత చరిత్ర ఉందో ఆలోచించండి. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అన్న నినాదం రాష్ట్రమంతా మారుమోగింది. అక్టోబరులో టి.అమృతరావు ఇక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు కోల్పోయారన్నది ఉద్యమ చరిత్రలో నిలిచిన లెక్క. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, మరుసటి సంవత్సరం జనవరి 20న శంకుస్థాపన చేశారు. జాతికి అంకితం కావడానికి 1992 ఆగస్టు దాకా పట్టింది. బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు.

ఇంతవరకు చెప్పి ఆపితే పిల్లలకు గర్వం కలుగుతుంది. గర్వం మంచిదే. కానీ ఆ కర్మాగారం కోసం 60కి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. 16 వేలకు పైగా కుటుంబాలు భూములు, ఇళ్లు వదులుకున్నాయి. వారికి ఉద్యోగ అర్హత కోసం ఇచ్చిన ఆర్ కార్డు గురించి మన ప్రాంతంలో తెలియనివారు లేరు. కార్డుతో ఉద్యోగం వచ్చినవారున్నారు, కార్డు బీరువాలో ఉండగానే వయసు దాటిపోయినవారూ ఉన్నారు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం కర్మాగారాన్ని పూర్తిగా విక్రయించడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు, కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలసింది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించారు. ఈ కథ ఇంకా ముగియలేదు.

ఇప్పుడు ఒక తరగతిని ఊహించండి. ఒకే బెంచీలో నలుగురు కూర్చున్నారు. ఒకరి తండ్రి పర్మనెంటు ఉద్యోగి, ఒకరి తండ్రి కాంట్రాక్టు కార్మికుడు, ఒకరి తాతది కర్మాగారం కింద పోయిన ఊరు, ఒకరి ఇంటివారు దాని ముందు టీకొట్టు నడుపుతారు. 'ఉక్కు ఎవరి హక్కు?' అని ఉపాధ్యాయుడు అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. నాలుగూ నిజమే. వాటిని నలుగురూ ఓపికగా వినడం నేర్చుకుంటే, సౌభ్రాతృత్వం అన్న మాటకు అర్థం ఆ పూటే తెలుస్తుంది. ఇందులో ఎవరి మతమూ ప్రశ్న కాదు. ముస్లిం పిల్లవాడు అక్కడ రాజూ కాదు, గణాంకమూ కాదు. కర్మాగారంతో తన ఇంటికి ఉన్న సంబంధాన్ని చెప్పే నలుగురిలో ఒకడు.

అలాగే 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. అది రమజాన్ మాసం, మన ఇళ్లలో సహరీకి లేచే వేళ. ఆ వేకువ ఫోన్లు మోగడం మా పిల్లలకు ఇప్పటికీ గుర్తుంది. పర్యావరణ పాఠం చదివేటప్పుడు వారికి ఆ జ్ఞాపకం రావాలి. ఇళ్ల మధ్య అటువంటి ట్యాంకు ఎందుకుంది, దాన్ని తనిఖీ చేయవలసినది ఎవరు అన్న ప్రశ్నలు కూడా రావాలి.

పాఠ్యప్రణాళిక ఈ అవకాశం ఇవ్వలేదని అనలేం. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి వెలువడిన సాంఘిక శాస్త్ర పుస్తకాలు కొన్ని విద్యా ప్రమాణాలను నిర్దేశించాయి. విషయావగాహన, సమాచార సేకరణ, పట నైపుణ్యాలతో పాటు 'సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం' ఒకటి, 'ప్రశంస, సున్నితత్వం' మరొకటి. సున్నితత్వానికి మార్కులు కేటాయించిన పుస్తకం అది! ఆలోచన గొప్పది. ఆచరణలో ఏమయింది? సున్నితత్వానికీ గైడులో జవాబు దొరికింది. 'అన్ని మతాలను గౌరవించాలి' అని రాసి, పూర్తి మార్కులు తెచ్చుకుని, బస్సులో 'మీవాళ్లు' అనవచ్చు. మన పిల్లలూ తక్కువేమీ కాదు. 'పేదలను ఆదరించాలి' అని చక్కని దస్తూరితో రాసినవారే ఇంటికి పనికి వచ్చే ఆమెను ఏకవచనంతో పిలవడం మేము విన్నాం.

ఉపాధ్యాయుల మీద నెపం వేయడం సులభం. సిలబసు పూర్తి చేయాలి, పేపర్లు దిద్దాలి, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి. పదవ తరగతి ఫలితాలలో సోషల్ వంద మార్కుల పేపరే. దానిలో ఎంతమంది ఉత్తీర్ణులయ్యారని అడుగుతారు గానీ, ఎంతమంది పక్కవాడి మాట వినడం నేర్చుకున్నారని వారిని ఎవరూ అడగరు. తల్లిదండ్రుల సమావేశాలకు ఇన్నేళ్లుగా వెళ్తున్నాం. లెక్కల టీచరు చుట్టూ గుమిగూడతాం. సోషల్ టీచరు ఒక మూలన ఖాళీగా కూర్చుని ఉంటారు. ఈసారి మేము ఆమె దగ్గరకు వెళ్లాం. ఫిర్యాదు చేయలేదు, బస్సులో జరిగినది చెప్పాం. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "నాకు చెప్పినందుకు మంచిపని చేశారండీ" అన్నారు. తరువాతి వారం తరగతిలో 1971 యుద్ధం గురించి ఒక పీరియడంతా మాట్లాడారట. పిల్లల పేర్లేవీ ఎత్తలేదట. మా అబ్బాయికి అదే నచ్చింది.

ఆ వారమే ప్రాజెక్టు పని ఇచ్చారు: 'మా ప్రాంతంలోని ఒక పరిశ్రమ'. మామూలుగానైతే ఫ్యాన్సీ దుకాణంలో ముద్రించిన చార్టు కొని, బొమ్మలు అంటించి ఇచ్చేస్తాం. ఈసారి వాడిని మా వీధి చివరనున్న పెద్దాయన దగ్గరకు పంపాం. ఆయనది కర్మాగారం కింద పోయిన ఊరు. వాడు సలాం చెప్పబోయి, సర్దుకుని నమస్కారం పెట్టాడట. ఆయన నవ్వి, "సలామే చెప్పు బాబూ, మా ఊళ్లో సాయిబుల ఇళ్లు కూడా ఉండేవి" అన్నారట. పాత కాగితాల కట్ట విప్పి, పసుపు రంగుకు తిరిగిన కార్డు చూపించారు. చెరువు ఎక్కడ ఉండేదో, బడి ఎక్కడ ఉండేదో వేలితో నేల మీద గీసి చెప్పారు.

ఇంటికి వచ్చాక వాడికి ఒక చిక్కు ఎదురైంది. ముద్రించిన జిల్లా పటంలో ఆ ఊరు లేదు. "అమ్మీ, లేని ఊరిని ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు. కర్మాగారం సరిహద్దు లోపల పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, పక్కన ఊరి పేరు రాశాడు. ప్రాజెక్టుకు పదికి ఏడు మార్కులు వచ్చాయి. పటం శుభ్రంగా లేదన్నారట. ఆ చార్టు తరగతి గోడకు వేలాడుతుండగా, వాడితో ఎన్నడూ మాట్లాడని ఒక అమ్మాయి వచ్చి, తన నానమ్మ ఊరు కూడా అక్కడే ఉండేదని చెప్పి పెన్సిలు అడిగిందట. ఇప్పుడు ఆ పటంలో రెండు చుక్కలున్నాయి.